యదృచ్ఛ, సమాచారం, ద్రవ్యం

సూరతు నగరంలోని కతర్‌గామ్ వజ్రాల సానపట్టు పనికి పేరుపొందిన ప్రాంతం. అక్కడి పనివాని సానమీద మెరిసే రవ్వలో ఉన్నది కర్బనం. పాఠశాల బాలుని పెన్సిలు ములుకులో ఉన్నదీ అదే. మూలకం ఒక్కటే, పరమాణువుల కూర్పు వేరు. ఆ మూలకానికి గూడ మూలమేమి అని అడిగినవారికి కొందరు ఆధునికులు ‘సమాచారం’ అని బదులు చెప్పినారు.

ప్రశ్న మనకు కొత్తది కాదు. జగత్కారణం ఏదని విచారించిన శ్వేతాశ్వతరోపనిషత్తు కాలం, స్వభావం, నియతి అనువాటితోపాటు యదృచ్ఛను గూడ లెక్కించింది. పురుగు కొయ్యను తొలువగా అప్రయత్నంగా అక్షరం ఏర్పడుటను మన పండితులు ఘుణాక్షర న్యాయమన్నారు. అక్షరమని గుర్తించునది చూచువాడే, పురుగు కాదు.

యదృచ్ఛలో తెలియదగినది ఎంత కలదో కొలిచిన వారిలో ఒకరు తెలుగువారు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హూవిన హడగలిలో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం అభ్యసించినారు. 1945లో కలకత్తా గణిత సంఘపు పత్రికలో వెలువడిన వ్యాసంలో, యాదృచ్ఛిక పరిశీలనలనుండి కట్టు నిష్పాక్షికమైన అంచనాకు తప్పని అనిశ్చితి ఒకటి కలదనీ, వానిలోని సమాచారం పెరిగినకొద్దీ ఆ అవధి తగ్గుననీ నిరూపించినారు. స్వీడను దేశీయుడు క్రామర్ పేరుతో కలిపి దానిని క్రామర్–రావు అవధి అంటారు. రావుగారు 2023లో దివంగతులైనారు.

అమెరికాలో షానన్ 1948లో అర్థాన్ని విడిచి సమాచారాన్ని మరొక రీతిని కొలిచినాడు. 1989లో వీలర్ ప్రతి వస్తువుకూ మూలం అవును–కాదు అను సమాధానాలేనని ప్రతిపాదించినాడు. 1998లో ఫ్రీడెన్, రావుగారు వాడిన ఫిషర్ సమాచారంనుండియే భౌతిక నియమాలను రాబట్ట యత్నించినాడు. ఈ ప్రతిపాదనలకు సర్వసమ్మతి లభించలేదు.

ఇక్కడనే మన రచయితలకు ఒక పరీక్ష కలదు. శబ్దతత్త్వంనుండి జగత్తు వెలువడినదన్న భర్తృహరిని వీలర్ పక్కన నిలిపి, మనవారు ముందే చెప్పినారనుట సులభం. కాని భర్తృహరి శబ్దానికి అర్థం ప్రాణం. షానన్ లెక్కకు అర్థంతో నిమిత్తం లేదు. ‘సమాచారం’ అన్న తెలుగుమాట వినగానే వార్త, వార్తాహరుడు, వినువాడు మనసుకు తోస్తారు. అనువాదకుడు ఆ ఛాయను గుర్తించి హెచ్చరించకున్న, పాఠకుడు ద్రవ్యానికి పుట్టుక తెలిసినదని భ్రమించును. తెలిసినది కొలత మాత్రమే. పుట్టుక ఇంకను ప్రశ్నయే.