తాళాలు లోపల, మనం వెలుపల

కారు తాళాలు లోపలే ఉండిపోయి తలుపులు మూసుకుపోవడం నేడు ఎవరికైనా ఎదురుకాగల ఇబ్బంది. దీనిని మనం మతిమరుపు ఖాతాలో వ్రాసి ఊరుకుంటాము. కాని మనిషికి మరపు అనాదిగా ఉన్నదే. ఈ ఇబ్బంది వయసు మాత్రం ఇంచుమించు నూరేళ్ళు. పాత జబ్బుకు కొత్త లక్షణం ఎందుకు వచ్చినట్టు? ఆ చరిత్రను కాస్త తరచి చూస్తే, ఇబ్బంది ఎదురైనప్పుడు ఏమి చేయాలో కూడ బోధపడుతుంది.

ముందుగా మాటల సంగతి. తాళాన్ని తెరిచే సాధనాన్ని మనం తాళంచెవి అంటాము. కొన్ని ప్రాంతాలలో తాళంచెయ్యి అంటారు. తలుపుకు వేలాడే తాళమేమో తాళంకప్ప. చెవి, చెయ్యి, కప్ప అంటూ మన వాళ్ళు ఇనుప ముక్కలకు ప్రాణం పోశారు. హిందీవారి చాబీ పోర్చుగీసు వారి ఓడలెక్కి వచ్చిన మాట. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. పాతకాలపు తాళంకప్పలలో చాలావాటికి వేయడానికీ తీయడానికీ కూడ చెవి కావలసిందే. కొన్నింటిలోనైతే తాళం పూర్తిగా పడేదాకా చెవి బయటికి రాదు. అంటే, తాళం వేసినవాడి చేతిలో చెవి ఉండి తీరుతుంది. అటువంటి తాళం వేసి, చెవిని గదిలో మరచిపోవడం ఎంతటి మతిమరుపు మనిషికైనా సాధ్యం కాదు.

నొక్కితే పడే తాళంకప్ప, లాగితే దానంతట అదే పడే స్ప్రింగు గడియ వచ్చిన తరువాత ఈ కట్టుబాటు తప్పింది. తీయడానికి చెవి కావాలి, వేయడానికి అక్కరలేదు. సౌకర్యమే, సందేహం లేదు. అయితే తాళాన్ని లోపల పెట్టి తలుపు వేసుకోగలిగే అవకాశం కూడ ఆ సౌకర్యంతోనే పుట్టింది. అపార్టుమెంటు వసారాలో నిలబడి, మూసుకున్న తలుపు వంక చూస్తూ ఉండిపోయిన వారెవరైనా దీనికి సాక్ష్యం చెబుతారు.

ఇక కారు దగ్గరకు వద్దాము. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల బండికి తలుపులే లేవు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి తొలినాళ్ళలో ఎక్కువగా తెరపు బండిగానే అమ్ముడుపోయింది. ఇంజనును ముందున్న ఇనుప పిడి తిప్పి లేపేవారు. దాని స్విచ్చికి తాళంచెవి ఉండేది గాని, ఒక దశలో ఆ చెవులు మొత్తం రెండు డజన్ల రకాలే! ఏ చెవి పడుతుందో చెప్పే అంకె స్విచ్చి మీదనే ముద్రించి ఉండేది. తాళాలు పోగొట్టుకున్నవాడికి అంతకన్న మంచి రోజులు మరి రాలేదు.

చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లలో చేరింది. 1920లలో పైకప్పు, అద్దాల కిటికీలు, గట్టి తలుపులు గల మూత బండ్లు తెరపు బండ్లను వెనక్కి నెట్టాయి. 1949లో క్రైస్లర్ సంస్థ తాళంచెవిని తిప్పగానే ఇంజను లేచే ఏర్పాటు తెచ్చింది. క్రమంగా అదే లోకాచారమైంది. ఆ విధంగా చెవికి కారు లోపల ఒక స్థిరమైన చోటు ఏర్పడింది. తలుపుకేమో లోపలి గుండీ నొక్కి మూస్తే పడే తాళం వచ్చింది. ఒకటి చెవిని లోపల నిలిపింది, రెండవది చెవి లేకుండానే తలుపు బిగించింది. ఈ రెండూ కలిసిన చోటనే మన ఇబ్బంది జన్మస్థానం.

తయారీదారులకు ఇది తెలియక కాదు. కొన్ని కార్లలో డ్రైవరు తలుపును బయటినుండి చెవితో తప్ప వేయలేరు. తాతలనాటి తాళంకప్ప నీతి అన్నమాట. మరికొన్నింటిలో పిడిని ఎత్తి పట్టుకొని మూస్తేనే తాళం పడుతుంది. చేతికి కొంచెం పని పెట్టి బుద్ధికి ఒక క్షణం వ్యవధి ఇవ్వడమే ఈ రెండింటి ఉపాయం.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజులలో తాళాలు లోపల ఉండిపోతే అదేమంత విపత్తు కాదు. ముందు తలుపు మూలనున్న చిన్న త్రికోణపు అద్దాన్ని జరిపి చెయ్యి పోనిచ్చేవారు. లేదా కిటికీ అద్దానికీ రబ్బరు పట్టీకీ నడుమ ఉక్కు స్కేలు దింపి లోపలి కడ్డీని కదిపేవారు. మెకానిక్కులు, తాళాలు చేసేవారు, అనుభవజ్ఞులైన డ్రైవర్లు ఎరిగిన విద్యే ఇది.

ఇటువంటివి నలుగురికీ చెప్పడం దొంగలకు పాఠం చెప్పడం కాదా? ఈ ప్రశ్నకు 1851లోనే లండనులో ఒక జవాబు దొరికింది. ఆ ఏడు జరిగిన మహా ప్రదర్శనకు ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ తాళాల నిపుణుడు వచ్చాడు. అభేద్యమని పేరుపడ్డ చబ్ తాళాన్ని 25 నిమిషాలలో తెరిచాడు. తెరిచినవారికి 200 గినీలు ఇస్తామంటూ బ్రామా సంస్థ దశాబ్దాలుగా తన దుకాణపు కిటికీలో ఉంచిన తాళాన్ని 16 రోజుల వ్యవధిలో మొత్తం 51 గంటలు శ్రమించి తెరిచాడు. ఇంగ్లండులో పెద్ద దుమారమే లేచింది. హాబ్స్ వాదన సూటిగా ఉన్నది. తాళాల లోపాలు దొంగలకు ముందే తెలుసు. దాచిపెడితే నష్టపోయేది నిజాయితీపరుడే. ఆ అవమానం నుండే మేలైన తాళాలు పుట్టాయి.

కార్ల తాళాలు కూడ అదే దారిన బలపడ్డాయి. తలుపు లోపలి కడ్డీలకు తొడుగులు వచ్చాయి, గుండీలు నునుపు దేరాయి, స్కేలుకు పని తగ్గింది. మరోవైపు తాళం వేసే చర్య చెవికి మరింత దూరమైంది. 1956 నాటి ప్యాకార్డ్ కార్లలో తలుపుల తాళాలు విద్యుత్తుతో పడేవి. 1982లో రెనో ఫ్యూగోతో దూరం నుండి మీట నొక్కి తాళం వేసే సదుపాయం వచ్చింది. ఇప్పటి కార్లలో చాలావరకు, మీట నొక్కి తెరిచి ఏ తలుపూ తీయకపోతే, కొద్ది సెకన్లలో తమంతట తామే మళ్ళీ తాళం వేసుకుంటాయి. తాళం వేసేది ఇప్పుడు మనిషి కాదు, యంత్రం. తాళం లోపలే ఉన్నదని గ్రహించి తలుపు వేయనని మొరాయించే కార్లూ వచ్చాయి గాని, బ్యాటరీ నీరసించినప్పుడు వాటి గ్రహింపును పూర్తిగా నమ్మలేము.

ఇంతవరకు చెప్పినది వస్తువుల కథ. లోపల ఉన్నది చెవి మాత్రమే అయితే నష్టం ఒక గంట కాలం, కొంత సొమ్ము. పసివాడు ఉంటే లెక్క మారుతుంది. 1998 వేసవిలో అమెరికాలో మూడు వారాల లోపల 11 మంది పిల్లలు కార్ల డిక్కీలలో చిక్కుకొని మరణించారు. ఆ పిమ్మట అక్కడి ప్రభుత్వం, 2001 సెప్టెంబరు నుండి తయారయ్యే కార్ల డిక్కీలలో లోపలినుండి తెరిచే మీట ఉండి తీరాలని నిబంధన చేసింది. తాళానికి బయటివాడే కాదు, లోపలివాడు కూడ ఉంటాడని చట్టం గుర్తించిన ఘట్టమది. మన దగ్గర 2025 ఏప్రిల్‌లో చేవెళ్ళ మండలంలో ఇద్దరు చిన్నారులు, మే నెలలో విజయనగరం సమీపాన ద్వారపూడిలో నలుగురు పిల్లలు నిలిపి ఉన్న కార్లలో చిక్కుకొని కన్నుమూశారు. తాళం వేయని కారు పసివారికి ఆటస్థలమై, తలుపు పడ్డాక బోనవుతుంది. 2005లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వెలువడిన పరిశోధన ప్రకారం, ఎండలో నిలిపిన కారులో వేడి గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. కిటికీ సందు వదిలినంత మాత్రాన ఇది తగ్గదు.

కనుక చేయవలసిన పనుల వరుస ఇది. లోపల పసివారో, వృద్ధులో, మూగజీవమో ఉన్నదా అన్నది తొలి ప్రశ్న. ఉంటే తాళాలవాడి కోసం నిరీక్షణ వద్దు. 112కు కబురు పెట్టమని పక్కవారికి చెప్పి, లోపలివారికి దూరంగా ఉన్న పక్క అద్దాన్ని బరువైన మొనగల వస్తువుతో మూలన కొట్టాలి. ముందు అద్దం జోలికి పోరాదు. అది పొరలుగా అతికినది, బీటలు వారుతుంది గాని ఊడిరాదు. పక్క అద్దం సాధారణంగా చిన్న గుళ్ళుగా రాలుతుంది. అయినా చేతికి గుడ్డ చుట్టుకోవడం మంచిది. అద్దానికి వెల ఉన్నది, మరొకటి దొరుకుతుంది.

ఎవరూ లేకపోతే తొందర అనవసరం. అన్ని తలుపులు, డిక్కీ ఒకసారి లాగి చూడాలి. ఇంట్లో రెండవ చెవి ఉంటే తెప్పించాలి. ఫోనుతో తెరిచే సదుపాయం ఉన్న కారైతే అది వాడాలి. బీమాతోనో కంపెనీతోనో దారి సహాయం ఉన్నదేమో చూడాలి. ఆ పిమ్మటే తాళాలవాడు. కొత్త కార్ల తలుపులలో విద్యుత్ తీగలు, పక్క గాలి సంచుల సరంజామా ఉంటాయి గనుక, స్కేలు విద్య వాటిమీద ప్రయోగిస్తే తెరుచుకోవడం కన్న చెడిపోవడమే ఎక్కువ.

వీటన్నిటికన్న ముందు, పాత తాళంకప్ప నేర్పిన నియమమొకటి ఉన్నది గదా! చెవి చేతిలో కనిపిస్తేనే తలుపు వేయాలి. యంత్రం ఆ నియమాన్ని వదిలివేసింది, మనం వదలనక్కరలేదు. నిలిపి ఉన్న కారుకు ఇంటి ముందైనా తాళం వేసే ఉంచాలి, చెవి పిల్లలకు అందకూడదు.

అన్నట్టు, తాళంచెవికి మీ ప్రాంతంలో వేరే పేరుంటే చెప్పగలరు. చెవి, చెయ్యి తెలిసినవే. మరో అవయవమేదైనా మిగిలి ఉంటే తెలుసుకోవాలని ఉన్నది.