స్కోప్ సినిమా వెనుక ఉన్న లెన్స్

తెలుగులో మొదటి సినిమాస్కోప్ సినిమా ‘అల్లూరి సీతారామరాజు’. 1974లో వచ్చింది. కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి గారు. కానీ ఆ వెడల్పు బొమ్మ కథ ఫ్రాన్స్‌లో మొదలైంది.

1920లలో ఆంరీ క్రెతియాన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఒక లెన్స్ తయారు చేశారు. పేరు హైపర్గోనార్. అది బొమ్మను పక్కల నుంచి సగానికి నొక్కి ఫిల్ము మీద పెడుతుంది. థియేటర్‌లో ఇంకో లెన్స్ దాన్ని మళ్ళీ సాగదీస్తుంది. ఆ రెండోది లేకపోతే తెర మీద అందరూ సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు!

ఒక ఫ్రెంచ్ దర్శకుడు దాన్ని వాడి చూశాడు. తరవాత చాలా ఏళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1950ల మొదట్లో అమెరికాలో జనం ఇంట్లో టీవీ ముందు కూర్చున్నారు. థియేటర్లకు వచ్చేవాళ్ళు తగ్గారు. అప్పుడు ఫాక్స్ కంపెనీ క్రెతియాన్ దగ్గరికి వెళ్ళింది. 1953లో ‘ది రోబ్’ విడుదలైంది.

ఒక చిక్కు మిగిలింది. దగ్గర నుంచి తీస్తే ముఖాలు ఉబ్బినట్టు ఉండేవి. గవదబిళ్ళలు వచ్చాయని హాలీవుడ్‌లో వెక్కిరించేవారు. పానావిజన్ కంపెనీ లెన్సులు దాన్ని సరిచేశాయి.

ఇప్పుడు ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకు చిన్న అనమార్ఫిక్ ప్రైమ్ లెన్సులు వస్తున్నాయి. ప్రైమ్ అంటే జూమ్ లేనిది. ఈ కెమెరా సెన్సర్ సుమారు 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. బొమ్మను పాత పద్ధతిలో 2 రెట్లు సాగదీస్తే వెడల్పు ఎత్తుకు 3 రెట్లు అవుతుంది. అది మరీ ఎక్కువ. 1.6 రెట్లు సాగదీస్తే 2.4 వస్తుంది. స్కోప్‌కి అది చాలు. అందుకే చాలా కొత్త లెన్సులు తక్కువగా నొక్కుతాయి. సాగదీసే పని కంప్యూటర్ చేస్తుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళను తెలుగులో అడగండి: మీరు చూసిన మొదటి స్కోప్ సినిమా ఏది?