సమ్మర్‌లో విండ్‌సర్ఫింగ్‌కి ఎక్కడికి? ముందు గాలిని అడగండి!



పోయినేడాది ఏప్రిల్‌లో, ఫిల్మ్ నగర్‌లో మా టీ కొట్టు దగ్గర నలుగురం కూర్చుని సమ్మర్ ట్రిప్ ప్లాన్ చేశాం. విండ్‌సర్ఫింగ్! అంటే నీళ్ల మీద ఒక బోర్డు, దానికో తెరచాప, దాన్ని పట్టుకుని నిలబడేది మనం. నాది బీటెక్ బుర్ర కదా, వెంటనే ఒక షీట్ తయారు చేశా. టికెట్లు, రూమ్, ఫుడ్, రీల్స్‌కి మంచి వ్యూ... అన్నిటికీ కాలమ్ ఉంది. గాలికి మాత్రం లేదు.

మే నెలలో వైజాగ్ వైపు ఒక బీచ్‌కి వెళ్లాం. పొద్దున్నే సముద్రం అద్దంలా ఉంది. "ఈజీ రా" అనుకుని దిగాను. అద్దంలా ఎందుకుందంటే, గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తోంది. ఒడ్డు దగ్గర అల లేదు గానీ, బోర్డు మాత్రం లోపలికి పోతూనే ఉంది. వెనక్కి తిప్పడం నాకు రాదు. చివరికి చేపల బోటులో ఒక పెద్దాయన తాడు విసిరి లాక్కొచ్చారు. ఆయన అడిగింది ఒక్కటే: "గాలెటు తోలతందో సూసుకోకుండా దిగిపోనారేటి బాబూ?"

ఇంటికొచ్చాక ఆ ప్రశ్న పట్టుకుని హిస్టరీ చదవడం మొదలుపెట్టా. మన తీరంలో దానికి వందల ఏళ్ల వయసుంది. శాతవాహనుల్లో యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీదే రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంటుంది.

అసలు కథ మోటుపల్లిది. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న ఈ రేవులో 1244లో కాకతీయ గణపతిదేవుడు ఒక అభయ శాసనం వేయించాడు. అంతకుముందు ఎలా ఉండేదంటే, ఒక దేశానికి బయలుదేరిన ఓడ తుఫానుకి దెబ్బతిని ఇంకో ఒడ్డుకి కొట్టుకొస్తే, అక్కడి రాజులు సరుకంతా లాగేసుకునేవారు. ప్రాణం మిగిలినా వ్యాపారి రోడ్డున పడ్డట్టే. గణపతిదేవుడు దాన్ని ఆపేశాడు. మామూలు సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అన్నాడు. గాలి చేసిన దానికి మనిషికి శిక్ష వేయకూడదని ఒక రాజు రాయి మీద చెక్కించాడంటే, గాలి ఎంతమందిని ముంచి ఉంటుందో ఆలోచించండి.

తర్వాత గోల్కొండ కాలం. కుతుబ్‌షాహీల పెద్ద రేవు మచిలీపట్నం. 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి దిగింది కూడా అక్కడే. అక్కడి నావికులకి "ఎక్కడికి" కంటే "ఎప్పుడు" ముఖ్యం. బంగాళాఖాతంలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి, చలికాలంలో ఈశాన్య గాలి. తూర్పున బర్మా వైపు వెళ్లే ఓడ నైరుతి గాలి పట్టుకుని పోవాలి, ఈశాన్య గాలి పట్టుకుని తిరిగి రావాలి. టైమ్ తప్పితే గాలి మారేదాకా పరాయి రేవులో నెలల తరబడి కూర్చోవాల్సిందే.

ఇప్పుడు మన ట్రిప్‌కి వద్దాం. కొత్తగా నేర్చుకునేవాళ్లకి 8 నుంచి 12 నాట్ల గాలి చాలు, అంటే గంటకి సుమారు 15 నుంచి 22 కిలోమీటర్లు. పెద్ద అలలు అస్సలు వద్దు.

వైజాగ్, రుషికొండలో అలలు బాగుంటాయి, సర్ఫింగ్‌కి ఓకే. కానీ ఒడ్డు దగ్గరే విరిగే అలలో తెరచాప ఎత్తి నిలబడటం కొత్తవాళ్ల వల్ల కాదు. పైగా మే అంటే తుఫానుల నెల కూడా. 1990 మేలో కోస్తాని ముంచిన తుఫాను గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. సమ్మర్‌లోనే వెళ్లాలి, గట్టి గాలి కావాలి, ఆల్రెడీ బ్యాలెన్స్ వచ్చు అంటే రామేశ్వరం. అక్కడ నైరుతి గాలి బలంగా ఉంటుంది, నిలకడైన నీళ్లూ దొరుకుతాయి.

మరి మొదటిసారి అయితే? జూబ్లీహిల్స్ నుంచి బైక్ మీద వెళ్లొచ్చు: హుస్సేన్ సాగర్! ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో కట్టిన చెరువు. 1591లో పుట్టిన హైదరాబాద్ కంటే పెద్దది. మేలో ఇక్కడి గాలిని నమ్మలేం, ఒక్కోసారి ఆకు కదలదు, ఒక్కోసారి గాలివాన. జూలైకి నైరుతి గాలి సెట్ అవుతుంది. అందుకే దేశం నలుమూలల సెయిలర్లు హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌కి జూలైలో ఇక్కడికి వస్తారు. నీళ్లు అంత శుభ్రంగా ఉండవు, నిజమే. సముద్రపు అల మాత్రం లేదు. సెయిలింగ్ క్లబ్బుల్లో బోర్డు, కోచ్ ఉన్నారో లేదో ముందే కనుక్కోండి.

ఈసారి మా షీట్‌లో మొదటి కాలమ్ గాలి. ట్రిప్ మే నుంచి జూలైకి మారింది, బడ్జెట్ పెట్రోల్ ఖర్చుకి దిగింది.

మీరు ఎక్కడికి వెళ్లినా లైఫ్ జాకెట్ వేసుకోండి, వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి. దిగే ముందు ఒడ్డున నిలబడి గుప్పెడు పొడి ఇసుక వదలండి. అది సముద్రం వైపు ఎగిరితే, ఆ పూటకి టీ తాగి కూర్చోండి. ఉంటా మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.