అహోబిలం కేసు, 1579

బీబీసీలో 2006 జనవరిలో మొదలైన 'లైఫ్ ఆన్ మార్స్' సీరియల్‌లో మాంచెస్టర్ డిటెక్టివ్ సామ్ టైలర్‌ను కారు గుద్దేస్తుంది. కళ్లు తెరిచేసరికి అది 1973. కంప్యూటర్ లేదు, డీఎన్‌ఏ పరీక్ష లేదు. పైఅధికారి జీన్ హంట్ దృష్టిలో నిందితుడికి నాలుగు తగిలించడమే విచారణ. మనవాళ్లు అంతకు పదిహేనేళ్ల ముందే, 1991లోనే, ఆ దారి తొక్కారు. సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369'లో హీరో పోలీసు కాదు గానీ, కథంతా ఓ వజ్రం దొంగతనం చుట్టూ తిరుగుతుంది. కాలయంత్రం ఎక్కి అతను 1526లో రాయలవారి కాలంలో దిగుతాడు.

అదే యంత్రం ఇంకో యాభై మూడేళ్లు ఇవతల, నల్లమలలో ఆగి ఉంటే డిటెక్టివ్‌కు చేతినిండా పని దొరికేది.

1579లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా సేన అహోబిలం మీద పడింది. కెంపులు తాపిన దేవుడి విగ్రహాన్ని గోల్కొండకు తరలించి సుల్తానుకు సమర్పించారు. ఎత్తుకెళ్లడానికి అక్కడ అంత సొత్తు ఎలా చేరిందంటే, రాజుల వల్లే. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర రోజుల్లో స్వయంగా వచ్చి, నగలూ బంగారు పళ్లెమూ వెయ్యి వరాహాలూ స్వామికి ఇచ్చాడు. అహోబిలం ఒక క్షేత్రమే కాదు, విజయనగరం పరువు కూడా. 1565లో తళ్లికోట యుద్ధంతో ఆ పరువును కాపాడే బలం సన్నగిల్లింది.

మన కాలం నుంచి వెళ్లిన డిటెక్టివ్ నేరస్థుణ్ని చిటికెలో తేల్చేస్తాడు: ముస్లిం సుల్తాను, హిందూ గుడి, ఇంకేం కావాలి? కానీ నిందితుల జాబితా రాయడం మొదలుపెడితే కలం ఆగిపోతుంది. సేనను నడిపినవాడు మురహరిరావు, మరాఠా బ్రాహ్మణుడు. తోడుగా వచ్చిన హండె నాయకులు నిన్నమొన్నటి దాకా విజయనగరానికి సామంతులు. ఇక సుల్తాను! గద్దె ఎక్కకముందు అన్నకు భయపడి పారిపోయి, విజయనగరంలో అళియ రామరాయల నీడన దాదాపు ఏడేళ్లు తలదాచుకున్నవాడు. తెలుగు కవులను ఆదరించి వాళ్ల నోట 'మల్కిభరాము' అనిపించుకున్నవాడు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఇతనికే. ఆశ్రయమిచ్చిన రామరాయల మీదికి తళ్లికోటలో సేనను నడిపిన వాళ్లలో ఒకడూ ఇతనే. ఇలాంటి పాత్రను సీరియల్ రచయిత కల్పిస్తే అతి చేశాడనేవాళ్లం.

అసలు అది ఆ కాలంలో నేరమేనా అన్న చిక్కు కూడా ఉంది. రాయలు 1514లో ఉదయగిరి గెలిచి, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాజధానికి తెచ్చుకుని గుడి కట్టించాడు. పగవాడి దేవుణ్ని తెచ్చుకోవడం గెలుపుకు ముద్ర. రాయలు తెచ్చుకున్న దేవుడు కొత్త గుడిలో పూజలందుకున్నాడు, గోల్కొండకు చేరినది యుద్ధపు కానుకగా మిగిలింది. నా దృష్టిలో ఈ తేడా చిన్నది కాదు. కానీ కేసు కట్టాలంటే డిటెక్టివ్ ఉదయగిరి ఫైలు కూడా తెరవాలి.

నిందితుల్లో మొదటివాడైతే చేతికి చిక్కడు. ఇబ్రహీం 1580లోనే చనిపోయాడు.

బాధితుల వైపు మాత్రం గట్టి సాక్ష్యం ఉంది. అహోబిలంలో శకం 1506, అంటే 1584-85 నాటి శాసనం. అందులో సుల్తాను పేరు 'ఇభురామ'. ఆయన హండెవారితో కలిసి గుడినీ సీమనూ ఆక్రమించి ఐదారేళ్లు పట్టుకున్న సంగతి అందులో ఉంది. అహోబిల మఠం జీయరు వణ్ శఠగోపులు ఊరికే కూర్చోలేదు, విజయనగర రాజు శ్రీరంగరాయల దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నారు. నేటి భాషలో చెప్పాలంటే అదే ఫిర్యాదు. అప్పటికి రాజధాని పెనుకొండ. ఉత్తరాన గోల్కొండ, పడమట బిజాపూరు నొక్కుతున్న రాజు ఆయన. అయినా ఫిర్యాదును పక్కన పెట్టలేదు. కొండ్రాజు వంశపు వీరులు సేనతో వచ్చి, హండెవారిని వెళ్లగొట్టి, గుడిని మళ్లీ నిలబెట్టారు. గెలిచినవాళ్లు చెక్కించిన రాత కాబట్టి ఏ డిటెక్టివైనా కాస్త అనుమానంగానే చదవాలి. కానీ మురహరిరావు తెచ్చిన విగ్రహం ముచ్చట గోల్కొండ వైపూ ఉంది కాబట్టి, దాడి జరగలేదనే వాదన మాత్రం ఏ కోర్టులోనూ నిలవదు.