లియాండ్రా చట్టం

లియాండ్రా చట్టం అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో మద్యం సేవించి వాహనాలు నడపడాన్ని అరికట్టుటకు 2009లో చేయబడిన చట్టం. పిల్లలున్న వాహనాన్ని మద్యం మత్తులో నడపడాన్ని మొదటి తప్పుకే ఫెలొనీగా, అనగా ఘోర నేరంగా, పరిగణించడం దీని ప్రత్యేకత.

నేపథ్యం

2009 అక్టోబరులో న్యూయార్క్ నగరంలోని హెన్రీ హడ్సన్ పార్క్‌వేపై, స్నేహితురాలి తల్లి మద్యం మత్తులో నడుపుతున్న కారు బోల్తాపడి 11 ఏళ్ళ లియాండ్రా మరణించింది. కఠినమైన చట్టం కావాలని ఆమె తండ్రి పట్టుబట్టాడు. నవంబరు 18న గవర్నరు డేవిడ్ పేటర్సన్ దీనిపై సంతకం చేశాడు.

శిక్షలు

రక్తంలో ఆల్కహాలు 0.08 శాతం లేదా అంతకు మించి ఉన్న వ్యక్తి, 15 ఏళ్ళు లేదా అంతకు తక్కువ వయసు గలవారిని ఎక్కించుకొని వాహనం నడిపితే 4 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడుతుంది. ప్రమాదంలో ఆ బిడ్డకు తీవ్రగాయమైతే 15, మరణిస్తే 25 సంవత్సరాల వరకు శిక్ష విధించవచ్చు.

ఇగ్నిషన్ ఇంటర్‌లాక్

ఇది ఊపిరిలోని ఆల్కహాలును కొలిచే పరికరం. చోదకుడు దీనిలోకి ఊదిన తరువాతనే ఇంజను ప్రారంభమవుతుంది. ఆల్కహాలు పరిమితికి మించితే ప్రారంభం కాదు. ప్రయాణం మధ్యలో కూడా మళ్ళీ ఊదవలసి ఉంటుంది.

వాహనంలో పిల్లలు లేకపోయినా, మద్యం మత్తులో నడిపిన నేరం రుజువైనవారు దీనిని అమర్చుకోవాలని కోర్టు ఆదేశిస్తుంది. ఈ నిబంధన 2010 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. మొదట 6 నెలలుగా ఉన్న కనీస గడువు 2013 సవరణతో 12 నెలలైంది. అయితే పరికరాన్ని సక్రమంగా వాడినవారికి, కోర్టు వేరుగా ఆదేశించనిచో, 6 నెలల తరువాత మినహాయింపు లభించవచ్చు. ఖర్చు నేరస్థుడే భరించాలి. స్తోమత లేనివారికి కోర్టు మినహాయింపు ఇవ్వవచ్చు. నేరస్థుని బదులు మరొకరు ఊది ఇంజనును ప్రారంభించడం కూడా నేరమే.