యంత్రనియంత్రణ తెరల దూరచాలనము

లేతు, మిల్లింగు యంత్రము మొదలగువానిని నడపు కంప్యూటరు ఒకచోటను, పనివాఁడు మీటలు నొక్కు తెర వేఱొకచోటను ఉండఁగా, ఆ రెంటిని నెట్‌వర్కుద్వారా కలుపు పద్ధతికి దూరచాలనమని పేరు. అమెరికా జాతీయ ప్రమాణ సాంకేతిక సంస్థయందు 1990వ దశకమున రూపొందిన నియంత్రకమునుండి వెలువడిన నియంత్రణ కార్యక్రమమగు లినక్స్‌సీఎన్‌సీయందు, తెర, ఆజ్ఞానిర్వహణము, చలననియంత్రణము వేర్వేరు అంగములై, తెర ఆజ్ఞానిర్వహణముతో ఎన్‌ఎంఎల్ అను సందేశవాహకముచే సంభాషించుచుండుటవలన, తెరను మాత్రము అన్యత్ర నిలుపుట సాధ్యమైనది. చలననియంత్రకము సాధారణముగ మిల్లీసెకనునకొకమాఱు అక్షముల స్థానమును సరిచూచును. నెట్‌వర్కు ఆలస్యము నిలుకడలేనిది గావున, ఆ భాగము యంత్రముచెంతనే యుండవలెను.

1984లో ఎంఐటీయందు ఆరంభమైన ఎక్స్ విండో వ్యవస్థద్వారా తెరను దూరమునకుఁ దెచ్చినచో, సంబంధము తెగినంతనే ఆ తెరకార్యక్రమము అంతరించును. చిత్రమునే పంపు వీఎన్‌సీయందు అది యంత్రమువద్ద నిలిచియుండును. లినక్స్‌సీఎన్‌సీ‌ఆర్‌ఎస్‌హెచ్ అను కార్యక్రమము 5007వ పోర్టునందు వచనరూపాజ్ఞలను గ్రహించును. సంకేతపదముతో ‘హలో’ పలికి, పిమ్మట వేఱుగ అనుమతి పొందినఁగాని అక్షమును కదల్పనీయదు. ఆ సంకేతపదము గూఢలిపి లేకయే ప్రయాణించును.

మీట నొక్కియుంచినంతసేపు అక్షము కదలు జాగింగునందు, వ్రేలెత్తిన సమాచారము దారిలో నిలిచిపోయినచో పనిముట్టు ముందునకే సాగును. అందుచే అత్యవసర నిరోధక మీటను నెట్‌వర్కునకు విడువక, తీఁగలతో యంత్రముననే అమర్తురు.