నుదుటి మీద గుర్తు, చర్మం కింద నంబరు

స్వీడన్ రైల్వే సంస్థ ఎస్‌జె 2017లో ఒక వెసులుబాటు ఇచ్చింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిప్ పెట్టించుకున్నవాళ్లు టికెట్ చూపించే పని లేకుండా పోయింది. టీసీ వచ్చి ఫోను దగ్గర పెడితే సరిపోయేది, చెయ్యే టికెట్. ఇది చదివాక కాట్పాడి జంక్షన్‌లో ఎక్స్‌రే కవర్లు, పాత చీటీలు చంకన పెట్టుకుని వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్లే రోగులను చూస్తే, వీళ్లకూ ఇలాంటిది ఉంటే ఎంత సుఖం అనిపించింది.

ఆ చిప్ బియ్యపు గింజంత గాజు గొట్టం, పొడవు 12 మిల్లీమీటర్లు. బ్యాటరీ లేదు. లోపలి తీగచుట్టకు రీడర్ నుంచే కరెంటు అందుతుంది. తన నంబరు చెప్పి ఊరుకుంటుంది. కొన్ని సెంటీమీటర్లు దాటితే పలకదు. 1998లో ఇంగ్లండ్ ప్రొఫెసర్ కెవిన్ వార్విక్ ఇలాంటిది చేతిలో పెట్టించుకుంటే రీడింగ్ యూనివర్సిటీ తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. స్పృహ తప్పిన రోగి వివరాలు తెలియాలని 2004లో అమెరికా వెరిచిప్ అనే చిప్‌ను అనుమతించింది. దానిలో ఉండేది 16 అంకెల నంబరు. 2010కల్లా అమ్మకమే ఆగిపోయింది.

ఒంటి మీద గుర్తు ఎవరు పెట్టాలి, ఎవరు తీయాలి అన్న తగువు వేలూరుకు కొత్త కాదు. 1805 నవంబరులో మద్రాసు సేనాధిపతి క్రాడక్ ఉత్తర్వు తెచ్చాడు: యూనిఫారంలో ఉండగా నుదుట నామం, విభూతి లాంటివి ఉండకూడదు, చెవిపోగులు తీసేయాలి, గడ్డం గీయాలి. పైగా తోలు తురాయి ఉన్న కొత్త తలపాగా. మరుసటి ఏడు మే నెలలో వేలూరు సిపాయిలు దాన్ని పెట్టుకోం అన్నారు. ఇద్దరికి, ఒక హిందువుకూ ఒక ముస్లింకూ, చెరి 900 కొరడా దెబ్బలు శిక్ష వేశారు. జులై 10న తెల్లవారకముందే కోటలో తుపాకులు పేలాయి. మైసూరు పులి జెండా ఎగిరింది. ఆర్కాటు నుంచి గిలెస్పీ అనే అధికారి గుర్రపు దళంతో వచ్చి అణిచేశాడు. తెల్లవాళ్లు వందకు పైగా, సిపాయిలు వందల్లో చనిపోయారు. ఉత్తర్వు రద్దయింది. క్రాడక్‌నూ గవర్నర్ బెంటింక్‌నూ వెనక్కి పిలిపించారు.

నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. సిపాయి నుదుటి బొట్టు చెరపమన్న ఆ దొరతనమే, యావజ్జీవ ఖైదీల నుదుట నేరాన్నీ శిక్ష తేదీనీ పచ్చబొట్టుగా పొడిపించేది. బెంగాల్‌లో 1797లో మొదలై మద్రాసుకూ పాకిన ఆ పద్ధతి 1849లో గానీ ఆగలేదు. ఖైదీలు దాన్ని దాచుకోవడానికి తలపాగా కిందికి లాగి కట్టుకునేవారు.

మన పల్లెల్లో మాత్రం పచ్చబొట్టు ఇష్టపడి పొడిపించుకున్నది. మొగుడి పేరు నోటితో చెప్పని ఇల్లాలు ముంజేతి మీద చూపించేది. సూది పట్టిన ఎరుకల అమ్మలు, వాళ్లు పొడిచే ముగ్గులు కనుమరుగవుతుంటే నాకు బాధగా ఉంది. ఆ తరువాత మనిషిని గుర్తుపట్టడానికి పదో తరగతి సర్టిఫికెట్లో రెండు పుట్టుమచ్చలు, ఆపైన ఆధార్ వేలిముద్రలు.

ఇక చిప్ సంగతికొస్తే, మనిషి ఇష్టం లేకుండా ఒంట్లో చిప్ పెట్టించకూడదని అమెరికాలోని విస్కాన్సిన్ 2006లోనే చట్టం చేసింది. అలాంటి చట్టం మనకూ కావాలి. రోగికి మేలని, ఉద్యోగికి సులువని చిప్‌లు మన ఊళ్లకు రాకముందే చేయాలి.